శ్లాబు పెచ్చులూడితే: ఉప్పు గాలి ఊళ్లలో కాంక్రీటు మరమ్మతు, మొదటి నుంచి చివరి దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలో, కవిటి, సోంపేట నుంచి కళింగపట్నం మీదుగా భోగాపురం దాకా, సముద్రానికి దగ్గర్లో ఇల్లున్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "శ్లాబు కింద పెచ్చులూడితే మేస్త్రి ప్లాస్టరు కొట్టి రంగు వేశాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి మళ్లీ అదే చోట ఊడింది. సరిగ్గా చేయాలంటే ఎలా?"

అదే చోట మళ్లీ ఊడిందంటే లోపల ఇనుముకు పట్టిన తుప్పును ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఈ పనిలో ముప్పాతిక శ్రమ కొట్టడానికీ కడగడానికీ పోవాలి. పూతకు మిగిలేది పావు వంతే. మన దగ్గర చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కొట్టేది గంట, పూసేది రెండు రోజులు.

కింద చెప్పినవన్నీ ఒకటి, రెండు అంతస్తుల ఇళ్లకు. శ్లాబు అడుగు భాగం, సన్‌షేడ్లు, పిట్టగోడ, మెట్ల కింది భాగం వంటివాటికి సరిపోతాయి.

## 1. లోపల ఏం జరుగుతోంది

మంచి కాంక్రీటు గట్టి క్షారం. దాని పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంత కాలం ఊచ మీద సన్నని రక్షణ పొర ఒకటి నిలుస్తుంది, తుప్పు మొదలవదు. ఆ పొరను చెడగొట్టేవి రెండు. ఉప్పులోని క్లోరైడు నీటితో కలిసి ఊచ దాకా దిగి పొరను చిల్లులు పొడుస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి చేరి క్షారాన్ని తగ్గిస్తుంది. సముద్రతీరంలో మొదటిదే పెద్ద దొంగ.

తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు చీలి, ఊచ వెంబడి గీత పడి, చివరకు పెచ్చుగా రాలుతుంది. పెచ్చు రాలేనాటికి తుప్పు మొదలై చాలా కాలమైనట్టే.

దీన్ని త్వరగా తెచ్చిపెట్టేది కవరు, అంటే ఊచను కప్పి ఉన్న కాంక్రీటు మందం, తక్కువ కావడం. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం తీరప్రాంత వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటు 'తీవ్ర' తరగతి కిందికి వస్తుంది. దానికి ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు, కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి. అలలు చిమ్మే చోటైతే 'అతి తీవ్ర' తరగతి, 50 మిల్లీమీటర్ల కవరు. మన ఇళ్లలో పెచ్చు ఊడిన చోట స్కేలు పెట్టి కొలవండి. 15 మిల్లీమీటర్లు ఉంటే అదృష్టం. కొన్నిచోట్ల ఊచ సెంట్రింగు రేకుకు ఆని ఉన్న ఆనవాళ్లే కనబడతాయి.

## 2. మీరు చేయగలిగింది, ఇంజనీరుకు వదలాల్సింది

ఈ కింది వాటిలో ఒక్కటి కనబడినా సుత్తి పట్టుకోకండి. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి.

- పిల్లరు మీద నిలువు పగులు, లేదా పిల్లరు పెచ్చులూడటం
- బీములో కింది ఊచలు బయటపడటం
- శ్లాబు మధ్యలో కిందికి వంగినట్టు కనబడటం
- ఊచ ఎక్కడైనా పూర్తిగా తెగిపోవడం
- ఒక గదిలో పైకప్పు మూడో వంతు కంటే ఎక్కువ డొల్ల పలకడం
- బాల్కనీ గానీ, బయటికి పొడుచుకొచ్చిన వెడల్పాటి సన్‌షేడు గానీ గోడ దగ్గర పగలడం

చివరిదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకవైపే ఆధారం ఉండి గాలిలో నిలిచే బాల్కనీ, సన్‌షేడులకు అసలు బలమిచ్చే ఊచలు పై భాగంలో ఉంటాయి. కింద పెచ్చు ఊడిందని కంగారుపడతాం గానీ, పైన గోడ మొదట్లో పడ్డ సన్నని పగులే ప్రమాదం. నీళ్లు అందులోంచే దిగి పై ఊచను తింటాయి. ఆ పగులు ఉన్న సన్‌షేడు కింద కుర్చీ వేసుకుని కూర్చోవద్దు, పైనెక్కి కొట్టవద్దు.

## 3. తట్టి చూసి గీతలు గీయడం

పావు కిలో సుత్తి, రంగు సుద్ద చాలు. శ్లాబు అడుగంతా అరడుగుకో దెబ్బ చొప్పున మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల విడిపోయింది డొల్లగా, పగిలిన కుండలా పలుకుతుంది. శబ్దం మారిన చోటల్లా సుద్దతో గీత గీసి చుట్టండి. కంటికి కనబడే పెచ్చు చెయ్యంత ఉంటే, డొల్ల పలికేది తరచూ తలుపంత ఉంటుంది. పని ఎంతో, ఖర్చెంతో ఈ గీతల్ని బట్టే తేలుతుంది. అందుకే మేస్త్రితో బేరమాడే ముందే ఈ తట్టుడు పూర్తిచేయండి.

తర్వాత చిన్న పరీక్ష. అప్పుడే కొట్టిన తాజా కాంక్రీటు మీద దుమ్ము ఊది, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం నాలుగు చుక్కలు వేయండి. కెమిస్ట్రీ ల్యాబు సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. ముదురు గులాబీ రంగొస్తే క్షారం ఇంకా ఉంది. రంగు రాకపోతే ఆ లోతు దాకా క్షారం పోయింది. ఉప్పు సంగతి మాత్రం ఇది చెప్పదు. గులాబీ రంగొచ్చిన కాంక్రీటులోనూ ఉప్పు నిండుగా ఉండొచ్చు. ఉప్పు ఎంతుందో తెలియాలంటే వేర్వేరు లోతుల్లో డ్రిల్లుతో తీసిన పొడిని ల్యాబులో పరీక్షించాలి. దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీ సివిల్ విభాగంలో అడిగి చూడండి. ఇంటికి పెద్ద ఖర్చు పెట్టబోతుంటే ఈ పరీక్ష దండగ కాదు.

## 4. సమయం, సామాను

మన జిల్లాల్లో ఈ పనికి డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి అదను. తుపాన్ల నెలలు అక్టోబరు, నవంబరు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న, హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. శ్లాబు సగం చెక్కి జాకీల మీద పెట్టిన స్థితిలో తుపాను హెచ్చరిక వినడం మంచి అనుభవం కాదు. ఎండాకాలంలో చేయక తప్పకపోతే పూత పని పొద్దున్న తొమ్మిదిలోపు ముగించండి.

తెచ్చుకోవాల్సినవి:

- సెంట్రింగు జాకీలు లేదా సరుగుడు వాసాలు, పైన వేయడానికి పలకలు
- సుత్తి, ఉలి, చిన్న చిప్పింగు మిషను, డైమండు బ్లేడుతో గ్రైండరు
- వైరు బ్రష్షు, గ్రైండరుకు బిగించే వైరు కప్పు
- వెర్నియర్ కాలిపర్ (ఊచ మందం కొలవడానికి)
- తుప్పు నిరోధక పూత, ఎస్‌బీఆర్ లేటెక్సు (సిమెంటు బాగా అతుక్కోవడానికి కలిపే, పాలలాంటి రబ్బరు ద్రవం)
- రెడీమేడ్ రిపేరు మోర్టారు, లేదా తాజా సిమెంటూ ఏటి ఇసుకా
- కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, రబ్బరు గ్లౌజులు, హెల్మెట్

సిమెంటు బస్తా మీద తయారీ నెల చూడండి. మూడు నెలలు దాటింది వద్దు. బూడిద కలిసిన పీపీసీ, స్లాగు (ఇనుము కొలిమి చిట్టెం) కలిసిన పీఎస్‌సీ సిమెంట్లు రెండూ ఉప్పును బాగానే అడ్డుకుంటాయి. వీటిలో ఏదైనా పరవాలేదు.

ఇసుక వంశధారదో నాగావళిదో అయితే మంచిది. ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు. ఎంత కడిగినా దాన్ని నమ్మలేం. ఏటి ఇసుకలో ఒండ్రు ఎంతుందో చూడాలంటే గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, నీళ్లతో నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద తేరిన బురద పొర మొత్తం ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుకను కడిగి వాడాలి.

నీళ్ల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. తీరం ఊళ్లలో బోరు నీళ్లు తరచూ ఉప్పగా ఉంటాయి. కలపడానికీ, ఊచ కడగడానికీ, తర్వాత తడపడానికీ తాగే నీళ్లే వాడండి. నోట్లో వేసుకుంటే ఉప్పు తగిలే నీళ్లతో ఊచ కడిగితే, తీసిన ఉప్పును మన చేత్తోనే మళ్లీ పెట్టినట్టు. అవసరమైతే ట్యాంకరు తెప్పించుకోండి.

## 5. ఆసరా పెట్టడం

సుత్తి దెబ్బ పడకముందే జాకీలు నిలబడాలి. మూడు, నాలుగు అడుగులకొకటి చొప్పున, కింద పలక, పైన పలక పెట్టి శ్లాబుకు ఆనేంత వరకే బిగించండి. పైకెత్తేలా బిగిస్తే కొత్త పగుళ్లు వస్తాయి. కింద మట్టి నేల అయితే పలక వెడల్పుగా ఉండాలి.

పైన వాటర్ ట్యాంకు ఉంటే ఖాళీ చేయండి. ఆ గది మెయిన్ స్విచ్ ఆపండి. ఫ్యాను, లైట్ల పైపులు శ్లాబులోంచే వెళ్తాయి, ఉలి వాటి మీద పడొచ్చు. ఫ్యాను దించేయండి. మోర్టారు నింపడం అయిన తర్వాత జాకీలు కనీసం 14 రోజులు అక్కడే ఉండాలి. "గది కావాలి, తీసేయండి" అని ఇంట్లోవాళ్లు తొందరపెడతారు. వినవద్దు.

## 6. కొట్టడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. మేస్త్రి తేల్చేయాలని చూసేదీ ఇక్కడే. "ఏటీ కాదు బాబూ, పైన ఓ పూత పూసేత్తే సరిపోద్ది" అన్నారంటే పక్కన నిలబడి చేయించుకోండి.

అంచు కోయడం. సుద్ద గీతకు బయట రెండంగుళాలు వదిలి, చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో గ్రైండరుతో కోయండి. లోతు 10 మిల్లీమీటర్లు. కవరు తక్కువున్న చోట ఐదారు మిల్లీమీటర్లతో ఆపండి, లేకపోతే బ్లేడు ఊచను కోస్తుంది. అంచు నిటారుగా ఉండాలి. పలచబడుతూ సున్నాకు చేరే అంచు మీద పూసిన పూత మొదట ఊడేది ఆ అంచులోనే.

ఊచ వెనక్కి వెళ్లడం. డొల్ల కాంక్రీటు తీసేస్తే సరిపోదు. తుప్పు పట్టిన ఊచ చుట్టూ, దాని వెనక కూడా 20 మిల్లీమీటర్ల దాకా కాంక్రీటు పోవాలి. కొలత సులువు: చూపుడువేలు ఊచ వెనక నుంచి దూరి అటు రావాలి. కనబడే వైపు మాత్రమే గీకి వదిలేస్తే వెనక వైపు ఉప్పు, తుప్పు అలాగే ఉండి రెండేళ్లలో కొత్త పూతను నెట్టేస్తాయి. పదే పదే ఊడే ఇళ్లలో నూటికి తొంభై చోట్ల నాకు కనబడింది ఈ లోపమే.

ఎక్కడ ఆపాలి. ఊచ వెంట పోతూ ఉండండి. తుప్పు లేని శుభ్రమైన ఇనుము కనబడ్డాక ఇంకో రెండంగుళాలు పోయి ఆపండి. గీసుకున్న గీత దాటినా సరే.

ఎంత చోటు ఒకేసారి. గది మొత్తం ఒకే రోజు చెక్కవద్దు. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి చేయండి. చెక్కిన ముక్క నింపి గట్టిపడ్డాకే పక్క ముక్క. పెద్ద డ్రిల్లు మిషన్లు తేవద్దు. ఆ అదురుకు పక్కనున్న మంచి కాంక్రీటు కూడా చిట్లుతుంది.

కొట్టడం అయ్యాక మళ్లీ చుట్టూ తట్టి చూడండి. అంచుల్లో ఖంగుమంటేనే ముందుకు.

## 7. ఊచను శుభ్రం చేసి, కొలిచి, పూత వేయడం

వైరు కప్పుతో ఊచ చుట్టూ రుద్దండి. వెనక వైపుకు చేతి బ్రష్షు, గరుకు కాగితం ముక్క. ఎర్ర తుప్పు పూర్తిగా పోయి లోహం బూడిద రంగులో మెరవాలి. ఉప్పు కొరికిన ఊచ మీద చిన్న చిన్న గుంటలుంటాయి. వాటి అడుగున నల్లని తుప్పు దాక్కుంటుంది. టార్చి వేసి చూడండి. తర్వాత మంచినీళ్లు ఒత్తిడిగా కొట్టి కడగండి. తడి ఆరిన గంటలోపు ఊచ మీద మళ్లీ ఎర్రటి చుక్కలు తేలితే గుంటల్లో ఉప్పు మిగిలినట్టే. ఇంకోసారి రుద్ది, ఇంకోసారి కడగాలి. మూడుసార్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు కాలిపర్‌తో మందం కొలవండి. కంటికి 8 మిల్లీమీటర్ల ఊచకూ 7 మిల్లీమీటర్ల ఊచకూ పెద్ద తేడా తెలియదు. లెక్క వేస్తే బలాన్ని మోసే వైశాల్యం 64 భాగాల నుంచి 49కి పడిపోయింది, అంటే దాదాపు పావు వంతు పోయింది. అక్కడ పక్కన కొత్త ఊచ కట్టాల్సిందే. కొత్త ఊచ పాత ఊచలోని మంచి భాగం పక్కన రెండు వైపులా 50 మందాల పొడవు ఉండాలని మామూలు లెక్క. 8 మిల్లీమీటర్లదానికి అది 400 మిల్లీమీటర్లు. అంత పొడవు కాంక్రీటు తెరవడం కుదరకపోతే డ్రిల్లు వేసి ఎపాక్సీ జిగురుతో నాటాలి. ఆ పని ఇంజనీరు చెప్పినట్టే చేయాలి.

ఊచకు పూత రెండు రకాలు. జింకు ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమరు ఒకటి, సిమెంటు ఆధారంగా చేసిన తుప్పు నిరోధక పూత ఇంకొకటి. ఎపాక్సీకి ఊచ ఎముకలా పొడిగా ఉండాలి, మన తీరం గాలిలో అది కష్టం. సొంతంగా చేసుకునేవాళ్లకు సిమెంటు పూత సులువు. ఏదైనా శుభ్రం చేసిన రోజే వేయండి. రాత్రి వదిలేస్తే సముద్రపు గాలికి తెల్లారేసరికి ఊచ ఎర్రబడుతుంది. ఊచ వెనక వైపు పూత అందిందో లేదో చిన్న అద్దం పెట్టి చూడండి. రెండు కోట్లు, మధ్యలో డబ్బా మీద చెప్పినంత వ్యవధి.

కిరోసిను, ఇంజను ఆయిలు, మామూలు రెడాక్సైడు పూసే అలవాటు మానుకోండి. నూనె పట్టిన ఊచకు ఏ మోర్టారూ అతుక్కోదు.

## 8. నింపడం

ముందురోజు సాయంత్రం నుంచీ చెక్కిన కాంక్రీటును తడుపుతూ ఉండండి. పని సమయానికి లోపల తడి ఉండాలి, పైన నీటి మెరుపు ఉండకూడదు. చెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి, చేతికి నీళ్లు అంటకూడదు.

అతుకు పూత. సిమెంటులో ఎస్‌బీఆర్ లేటెక్సు కలిపి పలచని పేస్టు చేసి బ్రష్షుతో గట్టిగా రుద్దండి. అది జిగురుగా ఉండగానే మోర్టారు పడాలి. ఆరిపోయిందంటే అతికించాల్సింది కాస్తా విడదీసే పొరగా మారుతుంది. ఆరితే గీకి మళ్లీ వేయాలి. అందుకే ఒకసారికి మోర్టారు పట్టేంత మేరకే రుద్దండి. ఒకరు రుద్దుతుంటే వెనకే ఇంకొకరు తాపీతో రావాలి.

మోర్టారు. నా ఓటు రెడీమేడ్ బస్తాకే. ఖరీదెక్కువ గానీ పాళ్లు చెడవు. బస్తా మీద రాసినన్ని నీళ్లే పోయండి, తాపీ జారాలని ఇంకో గ్లాసు కలపకండి. సైటులో కలపాలంటే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక, లేటెక్సు డబ్బా మీద చెప్పిన కొలత. లేటెక్సును నీళ్లలో కలిపి ఆ నీళ్లతో మోర్టారు కలపాలి. ఒకసారి కలిపింది అరగంటలో అయిపోవాలి.

పొరలు. తల పైకెత్తి చేసే పని కాబట్టి ఒక్కో పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు మించితే బరువుకు జారుతుంది. మొదట ఊచ వెనక ఖాళీలోకి బొటనవేలితో నొక్కి కూరండి. అక్కడ గాలి బుడగ మిగిలితే చెమ్మ చేరేది దాంట్లోకే. పొర గట్టిపడుతుండగా గరుకు గీతలు గీసి, కాసేపాగి రెండో పొర. చివరి పొర పూర్తయ్యేసరికి ఊచ మీద కవరు మొత్తం కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. అందుకు శ్లాబు అడుగు కాస్త కిందికి దిగినా ఫరవాలేదు. చూపుకు సమంగా ఉండటం కోసం కవరు తగ్గించవద్దు.

లోతు 50 మిల్లీమీటర్లు దాటిన చోట తాపీ పని వద్దు. కింద పలక కట్టి మైక్రో కాంక్రీటు (సన్న కంకరతో, జారుగా పారే రెడీమేడ్ కాంక్రీటు) పోయాలి. దానికి అలవాటున్న మనుషులు కావాలి.

## 9. తడపడం

లేటెక్సు కలిపిన మోర్టారుకు మామూలు కాంక్రీటులా వారం పాటు నీళ్లు కొట్టక్కర్లేదు. మొదటి రెండు రోజులు తడి ఉంచి, తర్వాత నీడలో మెల్లగా ఆరనివ్వండి. ఆ ఆరడంలోనే లేటెక్సు పొర కడుతుంది. రెడీమేడ్ బస్తాకు కంపెనీ చెప్పినన్ని రోజులు.

శ్లాబు అడుగున గోనె సంచులు నిలవవు. పిచికారీతో రోజుకు ఆరేడుసార్లు చిమ్మి, ప్లాస్టిక్ షీటును పలకలతో అదిమిపెట్టండి. కిటికీలు మూయండి. సముద్రపు గాలి ధార తగిలిన కొత్త పూత మీద సాయంత్రానికే సాలెగూడు పగుళ్లు వస్తాయి.

## 10. పైన నీళ్లను ఆపడం

అడుగు బాగుచేసి పైన వదిలేస్తే పని సగమే. డాబా మీద చూడాల్సినవి:

- వర్షం ఆగిన ఐదారు గంటల తర్వాత నీళ్లు నిలిచిన చోట్లు సుద్దతో గుర్తించండి. వంద అడుగులకు ఒక అడుగు వాలైనా ఉండాలి.
- నీళ్లు పోయే గొట్టం శ్లాబు అంచు నుంచి జానెడు బయటికి ఉందా? గోడ వెంట కారితే గోడ చెమ్మగిల్లుతుంది.
- పిట్టగోడా శ్లాబూ కలిసే మూలలో పగులుందా? వి ఆకారంలో తెరిచి, పాలీయురేథేన్ సీలెంటుతో నింపి, మూల గుండ్రంగా వచ్చేలా మోర్టారు వాలు కట్టండి.
- సన్‌షేడు కింది అంచున నీటి గాడి ఉందా? లేకపోతే నీళ్లు అడుగు వెంట పాకి లోపలికి వస్తాయి.

డాబాకు రెండు కోట్ల సాగే గుణమున్న అక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ పూత, మధ్యలో ఫైబరు జాలీ. శ్లాబు పూర్తిగా ఎండిన తర్వాతే. పారదర్శక ప్లాస్టిక్ షీటు చదరపు మీటరు ముక్కను అంచులు టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు అడుగున నీటి బిందువులుంటే ఇంకా ఎండలేదు. చెమ్మ మీద పూత వేస్తే బొబ్బలు లేస్తాయి.

అంతా అయ్యాక గొట్టాలు మూసి అంగుళం ఎత్తు నీళ్లు కట్టి రెండు రోజులు చూడండి. మరమ్మతు గట్టిపడకముందు ఈ పరీక్ష చేయవద్దు, అంగుళానికి చదరపు మీటరుకు 25 కిలోల బరువు పడుతుంది.

ఇంకొక మాట. ఉప్పు చేపలు, ఊరగాయ ముక్కలు డాబా మీద నేరుగా ఆరబెట్టే ఇళ్లున్నాయి. కారిన ఉప్పునీరు శ్లాబులోకే పోతుంది. టార్పాలిన్ పరిచి ఆరబెట్టండి.

## 11. బయటి గోడలకు, సన్‌షేడ్లకు రక్షణ

మంచి కాంక్రీటు ఉండి తుప్పు మొదలవని చోట సిలేన్–సిలోక్సేన్ రకం నీటి వికర్షక ద్రవం మంచి ఎంపిక. అది లోపలికి ఇంకి నీళ్లను రానివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం పోనిస్తుంది. పొడి గోడ మీద, వాన లేని రెండు రోజులు చూసుకుని కొట్టాలి. పూసిన వారానికి నీళ్లు చిమ్మితే తామరాకు మీద లాగా జారాలి.

మరమ్మతు చేసిన చోట మచ్చ కనబడకూడదంటే పైన అక్రిలిక్ బయటి పూత రెండు కోట్లు. ఎపాక్సీ, ఎనామెల్ వంటి గాలి ఆడని రంగులు చెమ్మ ఉన్న గోడకు వద్దు.

## 12. చేసిన తర్వాత పక్కనే ఊడితే

మరమ్మతు చేసిన చోటు బాగుంటుంది. ఏడాదీ రెండేళ్లకు దాని అంచు పక్కన పాత కాంక్రీటులో కొత్త పెచ్చు లేస్తుంది. మేస్త్రి తప్పు లేకుండా కూడా ఇది జరుగుతుంది. అంతకుముందు తుప్పు పట్టిన భాగం తాను కరుగుతూ పక్క ఊచను కాపాడింది. దాన్ని బాగుచేశాక, ఉప్పున్న పక్క కాంక్రీటులోని ఊచ కరగడం మొదలవుతుంది.

మందు రెండు విధాలు. కొట్టేటప్పుడే ఉప్పున్న మేర తీసేయడం ఒకటి. లేదా నింపే ముందు గుంత అంచుల్లో ఊచకు జింకు బిళ్లలు కట్టడం. ఊచ బదులు ఆ జింకు కరుగుతుంది. అడుగుకో, అడుగున్నరకో ఒకటి, కంపెనీ చెప్పిన దూరంలో. బిళ్ల కట్టే చోట ఊచ మీద పూత ఉండకూడదు, లోహం లోహానికి తగలాలి. సముద్రం కనబడేంత దగ్గర ఇళ్లకు ఈ ఖర్చు పెట్టమనే చెబుతాను.

మిగతా పొరపాట్లు క్లుప్తంగా: పీవోపీతోనో వాల్ పుట్టీతోనో గుంత పూడ్చడం (చెమ్మ పీల్చి ఊడుతుంది), 1:6 ప్లాస్టరు (ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ల ఇసుక) నేరుగా పాత కాంక్రీటుకు కొట్టడం, పెచ్చు ఊడకుండా కింద ఫాల్స్ సీలింగు వేసి దాచడం. మూడోది ప్రమాదం కూడా. రాలిన పెచ్చు బరువు సీలింగు మీద పేరుకుని ఒకరోజు మొత్తం దిగుతుంది.

## 13. మంచు పడే చోట ఉన్న మనవాళ్లకు

మన జిల్లా నుంచి సైన్యంలో చేరి లేహ్, సిక్కిం వైపు పనిచేసేవాళ్లు, కెనడాలో స్థిరపడ్డవాళ్లు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అక్కడ కాంక్రీటును చెడగొట్టేది వేరు. రంధ్రాల్లో నీళ్లు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతాయి, కరుగుతాయి, మళ్లీ గడ్డకడతాయి. ఆ ఒత్తిడికి పైపొర పొలుసులుగా లేస్తుంది, ఊచ బాగానే ఉన్నా సరే. తడిగా ఉండగా తీవ్రంగా గడ్డకట్టే చోటును ఐఎస్ 456 మన సముద్రపు తుంపర పడే చోటుతో కలిపి ఒకే 'అతి తీవ్ర' తరగతిలో పెట్టింది.

అక్కడ కొత్త కాంక్రీటులో సన్నని గాలి బుడగలు చేర్చే రసాయనం కలపాలి. 20 మిల్లీమీటర్ల కంకరకు 5 శాతం గాలి, ఒక శాతం అటూ ఇటూ. ఐదు డిగ్రీల లోపు చలిలో మరమ్మతు పెట్టుకోవద్దు. పొలుసులు లేచిన పైపొర మొత్తం తీసి, గాలి కలిసిన రిపేరు మోర్టారు వేయాలి. తర్వాత సిలేన్ ద్రవం, అది కూడా చలికాలానికి ముందే, ఎండిన కాంక్రీటు మీద. మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే బదులు ఇసుక చల్లండి. ఉప్పు చల్లితే మన బారువ తీరంలో ఉన్న ఇంటి కష్టం కూడా అక్కడికి వస్తుంది.

అక్కడి వీడియోలు చూసి గాలి బుడగల రసాయనం ఇక్కడ వాడేవాళ్లున్నారు. మనకు దాంతో పని లేదు, బలం కాస్త తగ్గుతుంది కూడా.

## 14. ఏటా రెండుసార్లు

మే నెలలో, వానలకు ముందు:

- నీటి గొట్టాల్లో ఆకులు, పిచ్చుక గూళ్లు తీయడం
- డాబా పూత మీద బొబ్బలు, చిరుగులు చూసి అక్కడికక్కడ అతుకు వేయడం
- పిట్టగోడ మీద, పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా తీయడం

డిసెంబరులో, తుపాన్లు వెళ్లాక:

- సముద్రం వైపు గోడలు, సన్‌షేడ్ల అడుగు భాగం, గ్రిల్లులు మంచినీళ్లతో కడగడం. తుపాను గాలి తెచ్చిన ఉప్పు పొర వాన పడని అడుగు భాగాల్లోనే ఎక్కువ పేరుకుంటుంది.
- శ్లాబు అడుగంతా సుత్తితో తట్టి, డొల్ల పలికిన చోట్లు తేదీ వేసి ఫోనులో ఫొటో తీసుకోవడం
- తుప్పు రంగు మరకలు, ఊచ వెంబడి సన్నని గీతలు కొత్తగా వచ్చాయేమో చూడటం. గీత దశలోనే తెరిస్తే పని చెయ్యంత చోటుతో పోతుంది.
- సన్‌షేడుకు గోడ మొదట్లో పైన పగులు ఉందేమో నిచ్చెన వేసుకుని చూడటం. కింద నుంచి ఇది కనబడదు.